పుట్టికి అడ్డం పెట్టిన రాళ్ళు

మా చిన్నాయన పుట్టిని, అదే ఆ బుట్టలాంటి పడవను, ఒడ్డు మీదికి సగం లాగి, దాని కింద అటొక రాయి, ఇటొక రాయి పెట్టాడు. ఇరవై ఏళ్ళు ట్రాక్టర్ తోలిన మనిషి. ఎక్కడ ఆపినా చక్రానికి రాయి పెట్టందే కదలడు.

"ఇంక యాడికీ పోదు," అని చేతులు దులుపుకున్నాడు.

అమ్మ, చిన్నమ్మ, నేను ఆ రాళ్ళను చూసి తృప్తిగా తలలూపాం. తప్పంతా ఆయనదేనని ఇప్పటికీ ఎగతాళి చేస్తాం గానీ, ఆ రోజు మాలో ఒక్కరికీ తాడుతో కట్టెయ్యాలని తట్టలేదు. కడప జిల్లా వాళ్ళం. నీళ్ళు ఇంకిపోవడం తెలుసు, ఎండిపోవడం తెలుసు. నీళ్ళు పైకెక్కి వస్తాయన్న సంగతి మాకు గుర్తుండదు. ఎక్కి వచ్చిన నీళ్ళు మా ఊరినే ముంచాయి, అయినా గుర్తుండదు.

మేం దిగిన ఆ గుట్ట ఒకప్పుడు మా ఊరి వెనక ఉండేది. పెన్నా మీద డ్యాం నిండాక ఊరు మునిగి గుట్ట నెత్తి మాత్రం మిగిలింది. చుట్టూ నీళ్ళు, పైన కంపచెట్లు, నడుమ మా ఇంటి అమ్మవారి రాయి. మనుషులెవరూ ఉండరు. ఇంట్లో పెండ్లంటే ముందు అక్కడ పొంగలి పెట్టాలి, ఇంటి కోడళ్ళందరూ కుండ మీద చెయ్యి వెయ్యాలి. అందుకే చిన్నాయన చేపలు పట్టేవాళ్ళ దగ్గర ఆ గుండ్రటి పుట్టిని అడిగి తెచ్చి, తెడ్డుతో తిప్పితిప్పి ఎలాగో చేర్చాడు. పెండ్లి నాది. కోడళ్ళు ఇద్దరు, మా అమ్మ, మా చిన్నమ్మ. ఆ ఇద్దరూ మాట్లాడుకోక ఆరేళ్ళయింది.

కారణం మా అవ్వ రోలు. ఊరు ఖాళీ చేసిన రోజు దాన్ని అమ్మ ఎత్తిస్తుందని చిన్నమ్మ, చిన్నమ్మ ఎత్తిస్తుందని అమ్మ అనుకున్నారు. కొత్త కాలనీలో సామాన్లు దించి చూస్తే రోలు లేదు. వెనక్కి పోదామనుకునేలోపు నీళ్ళొచ్చేశాయి. రోలు మునిగింది, మాటలూ మునిగాయి.

మా వైపు బొట్టు పెట్టి పిలవకపోతే పిలవనట్టే, కార్డు మీద పేరు అచ్చేసినా సరే. అమ్మ కాలనీ అంతా తిరిగి బొట్టు పెట్టి వచ్చింది, మూడిళ్ళ అవతల ఉన్న చిన్నమ్మ గడప ఒక్కటి తప్ప. పెండ్లికి ఇంక పది రోజులు. అమ్మ శెనక్కాయలు పెరకడానికి పోతే నన్ను చంకనేసుకుని సంగటి తినిపించి పెంచింది చిన్నమ్మే. ఆమె లేని పెండ్లి అంటే నాకు ఒళ్ళు మండేది. అమ్మతో పోట్లాడాను, చిన్నమ్మను బతిమాలాను.

"మీ యమ్మ బొట్టు పెట్టి పిలిస్తే వస్తా. గుట్టకంటావా, పిలిచింది అమ్మవారు, మీ యమ్మ గాదు," అంది చిన్నమ్మ.

పైకెక్కి అమ్మవారి చుట్టూ కంప కొట్టి, నీళ్ళు మోసి కడిగి, పొయ్యికి రాళ్ళు వెతికేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పూజసంచి తేవడానికి కిందికి పోయిన చిన్నాయన కేక వినబడింది.

"వదినా! పుట్టి పోతాండాది!"

పరుగెత్తాం. పుట్టి యాభై గజాల దూరంలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ పోతోంది. పైనుంచి డ్యాంలోకి నీళ్ళు వదిలినట్టున్నారు; చిన్నాయన పెట్టిన రాళ్ళు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి, జానెడు నీళ్ళ కింద. పసుపు, కుంకుమ, టెంకాయలు, విస్తరాకులు అన్నీ అందులోనే. తడుస్తాయని కవర్లో చుట్టిపెట్టిన మా ఫోన్లు కూడా. మేం చూస్తుండగానే చిన్నాయన ఫోన్ మోగింది.

"ఎత్తుదామంటే ఎట్లప్పా!" అని ఆయన నీళ్ళల్లో మోకాళ్ళదాకా దిగి, మళ్ళీ భయపడి ఎక్కాడు. నలుగురిలో ఎవరికీ ఈత రాదు. ఎక్కడ నేర్చుకుంటాం, బోరుబావుల్లోనా? నాకు నవ్వు ఆగలేదు. పెండ్లికూతురు అట్లా నవ్వకూడదని అమ్మ నెత్తిన ఒకటి మొట్టింది.

మిగిలింది కుండ, బియ్యం, బెల్లం, అమ్మవారికి తెచ్చిన ఎర్రచీర, చిన్నాయన జేబులో బీడీలు, అగ్గిపెట్టె. పొగ పెడితే ఎవరన్నా చూస్తారు, పొంగలి పెడితే ప్రాణం నిలుస్తుంది, రెంటికీ ఒకే పొయ్యి చాలని తేల్చాం. చిన్నాయన కంప కొట్టుకొచ్చాడు. నేను వంగి ఊదుతుంటే ఇద్దరు కోడళ్ళూ నా నెత్తి మీదుగా రాయబారం నడిపారు.

"పాపా, మీ చిన్నమ్మకు చెప్పు, పొయ్యి గాలికి ఎదురు పెట్టిందని."

"పాపా, మీ యమ్మకు చెప్పు, గాలి నన్నడిగి తిరగలేదని."

"ఇద్దరూ అరగజం దూరంలో ఉండారు, నేనెందుకు మధ్యలో పోస్టుమేన్ని?" అని అరిచాను. అంతలో గాలి రేగి మంట కాస్తా పడుకుంది. అగ్గిపెట్టెలో మూడే పుల్లలు. అడ్డం పట్టాలంటే అమ్మవారి చీరే దిక్కు. అమ్మ ఒక కొస, చిన్నమ్మ ఒక కొస పట్టుకుని పొయ్యి చుట్టూ నిలబడ్డారు. చీర తెరచాపలా ఉబ్బి ఇద్దరినీ ఊపేసింది. నా నోటినిండా పొగ, మాట చేరవెయ్యడానికి మనిషి లేదు.

"గట్టిగా పట్టుకోమే! చేతుల్లో బలం లేదా?" అని అమ్మ నేరుగా చిన్నమ్మ మీద అరిచింది.

"నువ్వు లాగితే గదక్కా, నేను పట్టుకునేది!" అని చిన్నమ్మ తిరిగి అరిచింది.

ఆరేళ్ళకు మొదటి మాట అది, తిట్టు. అక్కా అన్న పిలుపు మాత్రం నోట్లోనే ఉండిపోయినట్టుంది, తనంతట తనే బయటికొచ్చింది. ఇద్దరూ బిత్తరపోయి చూసుకున్నారు. నేను కుక్కిన పేనులా పొయ్యి ఊదాను.

పొంగలి పొంగింది. ఇద్దరి చేతులూ కుండ అంచు మీద పడ్డాయి, కాలి ఇద్దరూ ఒకేసారి "అబ్బా" అన్నారు. అమ్మవారికి ఒక ముద్ద పెట్టి, ఆకుల్లేక నలుగురం ఒకే కుండలో చేతులు పెట్టాం. తింటూ తింటూ చిన్నమ్మ నీళ్ళల్లోకి చూపించింది.

"మనిల్లు ఆడ్నే. రోలు ఇంకా ఆడ్నే ఉంటాది."

అమ్మ కుండలోంచి ఇంకో ముద్ద తీసుకుంది.

"ఉంటే ఉండనీ. ఏ చేపో దాంట్లో ఊరిమిండి పచ్చడి నూరుకుంటాంటాది," అంది.

ముందు చిన్నాయనకు పొలమారింది. తర్వాత చిన్నమ్మ నవ్వు మొదలుపెట్టి ఆపలేకపోయింది. "ఉప్పు చూడమని పక్క చేపను పిలుస్తాంటాది," అని అమ్మ అందుకుంది. బెల్లపు చేతులతో పొట్టలు పట్టుకుని దొర్లాం. పుట్టి లేదు, ఫోన్ లేదు, పది రోజుల్లో పెండ్లి, అయినా నాకు ఆ గుట్ట దిగాలనిపించలేదు.

మూడు గంటలప్పుడు దూరంగా ఒక పుట్టి కనబడింది. చిన్నాయన, నేను ఎర్రచీర పట్టుకుని ఎగిరాం. ఫోన్ మోగుతూ మా ఖాళీ పుట్టి ఒడ్డుకు రావడం చూసి, దాన్ని మాకిచ్చిన చేపలాయన అదిరిపోయాడట. తర్వాత మా పొగ చూసి తన ఇంకో పుట్టి వేసుకుని బయలుదేరాడట.

చిన్నమ్మ లేచి కొంగు దులుపుకుంది. నవ్వు పోయిన మొహంతో, "ఇంగేముంది, దిగితే ఎవురిండ్లకు వాళ్ళం," అంది. కాలనీకి పోతే మళ్ళీ ఆ మూడిళ్ళ దూరమే.

"ఉండుమే," అంది అమ్మ. నడుము తడుముకుంది, కుంకుమ భరిణ లేదు. అది పుట్టిలో పోయింది. ఒక్క క్షణం ఆలోచించి, తన నొసటి మీది పెద్ద ఎర్ర స్టిక్కర్ పీకింది. చిన్నమ్మ నొసటి మీది చిన్న నల్ల స్టిక్కర్ కూడా పీకి, ఆ చోట తనది అతికించి వేలితో అదిమింది.

"పాప పెండ్లికి రా."

చిన్నమ్మ అమ్మ చేతిలోంచి తన స్టిక్కర్ తీసుకుని, "పెండ్లి పెట్టుకొని బోడి నొసలేంది," అని అమ్మకు అతికించింది. నేను ఏడ్చాను, నవ్వుతూనే.

"దీనికి జిగురు లేదక్కా, పడిపోతాది," అంది చిన్నమ్మ పుట్టి ఎక్కుతూ.

"పడకుండా పట్టుకో. పది దినాలే గదా."

ఒడ్డు చేరేదాకా చిన్నమ్మ నొసటి మీంచి వేలు తియ్యలేదు.