కళ్ళకద్దుకుంటే ఫౌల్

ఆ రోజుల్లో నాకు ఒక జబ్బు ఉండేది. తెలియనిది ఏదైనా కంటబడితే దాని పుట్టుపూర్వోత్తరాలు లాగేదాకా నిద్ర పట్టేది కాదు. ఇప్పుడైతే ఫోన్‌లో చూసుకుని నోరు మూసుకుంటున్నాను గానీ, అమెరికా వచ్చి హెర్న్‌డన్‌లో మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎదురైన ప్రతి మనిషినీ ప్రశ్నలతో చంపుకు తినేదాన్ని. ("నువ్వు ఇంజనీరువా, పోలీసువా?" అనేది మా రూమ్మేట్. వరంగల్ పిల్ల, మాట కటువు, మనసు వెన్న.) అలాంటి నాకు పక్క క్యూబికల్‌లో ఉండే ఐరిష్ ఆవిడ ఒక సోమవారం మోచేతికి కట్టుతో, కుంటుకుంటూ, మొహం నిండా నవ్వుతో కనిపిస్తే ఊరుకుంటానా? ఏం జరిగిందని అడిగాను. ఫుట్‌బాల్ ఆడానంది. ఏ ఫుట్‌బాల్, ఎవరితో, వర్జీనియాలో ఐరిష్ ఆడవాళ్ళకు ఫుట్‌బాల్ క్లబ్ ఏమిటి, ఎప్పటినుంచి, ఎవరు పెట్టారు అని వరసగా వదిలాను. ఆవిడ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్న తను ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఆదివారం ఖాళీయేనా? వచ్చి చూడు."

నేను "చూస్తానండీ" అన్నాను. మనవాళ్ళలో అలా అంటే రాననే అర్థం. ఐరిష్ వాళ్ళలోనూ అంతేనట! అందుకే ఆవిడ ఆ మాటను ఏమాత్రం నమ్మకుండా శనివారం సాయంత్రం ఫోన్ చేసింది. (ఆ క్లబ్బుకి కెప్టెన్ కూడా ఆవిడే. ఇకమీదట కెప్టెన్ అనే అంటాను.) నేను ఇంకో సాకు వెతుక్కుంటుంటే మా రూమ్మేట్ అడ్డం వచ్చింది. "ఊకె ఇంట్ల గూసొని ఏం జేస్తవే? పోదాం పా. నేను డ్రైవ్ జేస్త." తెలుగు సంఘం డ్యాన్స్ ప్రాక్టీసులో ఎడమ పాదం మడతపడి, కట్టుతో ఇల్లు కదలలేక విసిగిపోయి ఉంది పాపం. కారు నడపడానికి కుడికాలు చాలు కాబట్టి ఆదివారం పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం.

మైదానం పక్కన మడత కుర్చీలో, ఒళ్ళో టీ ఫ్లాస్కుతో, ఉన్ని టోపీ పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. రిటైరైన నర్సు. క్లబ్బు పెట్టింది ఆవిడేనని కెప్టెన్ పరిచయం చేసింది. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం నాకు అప్పటికింకా నోరు తిరగని పని, అందుకని "నమస్తే ఆంటీ" అనేశాను. ఆవిడ మొహం విప్పారింది. "ఈ దేశంలో నన్ను అలా పిలిచేవాళ్ళు ఎవరూ లేరమ్మా" అని కప్పులో టీ పోసింది. నేను వద్దన్నాను, ఆవిడ మళ్ళీ ఇచ్చింది, నేను మళ్ళీ వద్దన్నాను, ఆవిడ బతిమాలింది, అప్పుడు తీసుకున్నాను. ఇద్దరికీ తృప్తిగా అనిపించింది. ఇక నేను అడగడం, ఆవిడ చెప్పడం. వయసులో ఉన్నప్పుడు నర్సుగా వచ్చిందట. తనలాగే వచ్చిన నర్సులు, పిల్లల్ని చూసుకునే ఆయాలు ఆదివారం సెలవు దొరికితే ఈ మైదానానికే చేరేవారట. అప్పట్లో ఆడేది మగవాళ్ళు. ఆడవాళ్ళు శాండ్‌విచ్‌లు చేసుకొచ్చి, గట్టుమీద కూర్చుని చప్పట్లు కొట్టాలి. ఒక ఆదివారం అవతలి ఊరి జట్టు బస్సు దారిలో చెడిపోయి రాలేదు. మగవాళ్ళు నిరాశపడి చెట్టుకింద చేరారు. మైదానం ఖాళీగా ఉంది, బంతి ఖాళీగా ఉంది. ఆడవాళ్ళు శాండ్‌విచ్‌ల బుట్టలు కింద పెట్టి లేచారు.

"తరవాత?" అన్నాను.

"తరవాతేముంది? ఆకలేసి మగవాళ్ళు వచ్చి తిండి ఎక్కడా అని అడిగారు. బుట్టలో ఉంది, తీసుకోండి, మేం ఆటలో ఉన్నాం అన్నాను. ఇప్పటికీ తీసుకుంటూనే ఉన్నారు."

ఆవిడ నవ్వింది గానీ, కళ్ళు మాత్రం మైదానంలో మనుషుల్ని లెక్కపెడుతున్నాయి. సంగతేమిటని అడిగితే కెప్టెన్ చెప్పింది. మునుపటిలా ఐర్లండ్ నుంచి అమ్మాయిలు రావడం లేదు, వీసాలు దొరకడం లేదు. (ఐరిష్ వాళ్ళకు కూడా వీసా కష్టాలుంటాయని వినగానే వాళ్ళు నాకు దగ్గర చుట్టాల్లా అనిపించారు.) ఆ సీజన్‌లో అప్పటికే మనుషులు చాలక మ్యాచ్‌లు వదులుకున్నారు. ఇవాళ కూడా జట్టు నిండకపోతే లీగ్ వాళ్ళు పేరు కొట్టేస్తారు, మిగిలినవాళ్ళు పక్క నగరం జట్టులో కలిసిపోవాలి, క్లబ్బు ఉండదు. ఇవాళ ఒక్కరు తక్కువ. ఈ మాట అనేసి కెప్టెన్ నా బూట్ల వైపు చూసింది. నేను మా రూమ్మేట్ వైపు చూశాను. అది తన కట్టు వైపు చూసుకుంది.

"నాకు ఆట రాదండీ" అన్నాను.

"రానక్కర్లేదు. చివరిదాకా లోపల ఉంటే చాలు. ఒక్కరు తగ్గినా మ్యాచ్ ఆపేస్తారు."

ఆంటీ నన్ను ఏమీ అడగలేదు. ఫ్లాస్కు మూత బిగించినదే మళ్ళీ బిగిస్తూ కూర్చుంది. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నేమో. అడగలేదు కాబట్టి నా వల్ల కాలేదు. మోకాళ్ళు దాటే ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని లోపలికి వెళ్ళాను.

ఆ ఆట మనం బళ్ళో ఆడిన ఫుట్‌బాల్ కాదు, ఐరిష్ వాళ్ళ సొంత ఫుట్‌బాల్. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పట్టుకుని పరిగెత్తవచ్చు. అవతలి మనిషిని మాత్రం చేత్తో ముట్టుకోకూడదు. కెప్టెన్ ఇదంతా చెప్పింది, నేను బుద్ధిగా తలూపాను కూడా. ఆట మొదలైన కాసేపటికి బంతి నా వైపు దొర్లుకుంటూ వచ్చింది. భయపడి కాలు విసిరాను. బంతి తప్పించుకుంది, నా బూటు వెళ్ళి జడ వేసుకున్న ఒక దిట్టమైన అమ్మాయి పిక్కకు తగిలింది. అంతే, వంగి ఆ పిల్ల పిక్క ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు. పుస్తకానికి తగిలినా, పేపరుకి తగిలినా, బస్సులో పక్కవాళ్ళ సంచికి తగిలినా కాలి వెనకే చెయ్యి వెళ్ళిపోతుంది, మెదడుకు కబురు తరవాత అందుతుంది. ఈల మోగింది. రిఫరీ పాపం నిఖార్సయిన మనిషి. చేత్తో కాలు పట్టుకున్నానని ఫౌల్ ఇచ్చాడు. జడ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. మరి కాసేపటికి మళ్ళీ అదే అమ్మాయి, అదే పిక్క, అదే వంగడం. ఈసారి రిఫరీ జేబులోంచి కార్డు తీసి, ఇంకొక్కసారి పట్టుకుంటే బయటికి పంపించేస్తానన్నాడు.

కెప్టెన్ పరుగెత్తుకొచ్చింది. "ఆవిడ కాలు ఎందుకు పట్టుకుంటున్నావు?"

"తన్నాను కదండీ, పాపం."

"ఇది ఫుట్‌బాల్! తన్నడానికే వచ్చాం!"

"బంతిని కదా?"

కెప్టెన్ ఆకాశం వైపు చూసి శిలువ గుర్తు వేసుకుంది. గట్టుమీదనుంచి మా రూమ్మేట్ మైదానం అదిరేలా అరిచింది. "ఓ పిల్లా! చేతులు ఎనకకు కట్టుకోవే! ఆట అయినంక అందరికీ మొక్కుదువు గని!"

సలహా బాగానే ఉంది. కాకపోతే బంతిని చేత్తో పట్టుకునే ఆటలో చేతులు వెనక్కి కట్టుకుని పరిగెత్తేదాన్ని నేనొక్కదాన్నే. నన్ను చూసి అవతలి జట్టు వాళ్ళకు నవ్వాగలేదు, ఆంటీకి కూడా ఆగలేదు. బంతి వస్తే పక్కకు తప్పుకున్నాను, మనిషి వస్తే ఇంకా దూరం తప్పుకున్నాను. నన్ను బయటికి పంపితే మ్యాచ్ పోతుంది, మ్యాచ్ పోతే క్లబ్బు పోతుంది, నర్సులు బుట్టలు దించి లేచిన ఆదివారం నా రెండు చేతుల మూలంగా గంగలో కలిసిపోతుంది. ఈ ఆలోచనతో నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా, జడ అమ్మాయి బంతి కోసం దూకి సరిగ్గా నా ముందు బోర్లా పడింది. తప్పుకోబోయాను. నా బూటు కొస ఆమె తలకు తగిలింది. దెబ్బేం కాదు, జుట్టుకి రాసుకుందంతే. కానీ తల! పిక్కకే ఆగని చెయ్యి తలకు ఆగుతుందా? వెనక్కి కట్టుకున్న చేతుల ముడి దానంతట అదే విడిపోయింది. రిఫరీ నోట్లో ఈలతో అక్కడే ఉన్నాడు. కెప్టెన్ "వద్దు, వద్దు" అంటోంది. ఆంటీ కుర్చీలోంచి లేచి నిలబడింది. చెయ్యి ఆ పిల్ల తలకు బెత్తెడు దూరందాకా వెళ్ళింది. ఇక దారి లేక, రెండు చేతులూ లాక్కుని వాటిమీద కూలబడ్డాను. మైదానం నడిమధ్య, గడ్డిలో, నా అరచేతుల మీద నేను. రిఫరీ నా చుట్టూ తిరిగి చూశాడు. ఎవరి చేతుల మీద వాళ్ళు కూర్చోకూడదనే నియమం ఆయనకు గుర్తు రాలేదు. బంతి నా వీపుకు తగిలి ఎటో పోయింది. నేను లేవలేదు. చివరి ఈల మోగేదాకా లేవలేదు.

చిత్తుగా ఓడిపోయాం. అయినా మావాళ్ళు కప్పు గెలిచినట్టు ఒకర్నొకరు వాటేసుకుని ఏడ్చారు. కరచాలనాల కోసం రెండు జట్లూ వరసలో నిలబడ్డప్పుడు నా బాకీలు తీర్చుకున్నాను. జడ అమ్మాయి పిక్క ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను, తల ముట్టుకుని మళ్ళీ అద్దుకున్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. ఆంటీ మెల్లగా నడిచొచ్చి ఇదేమిటని అడిగింది. ప్రశ్నలు వేసే నాకు జవాబు చెప్పడం అంత బాగా రాదు. "మనిషిలో దేవుడుంటాడంటారు ఆంటీ. కాలు తగిలితే ఊరుకోలేం" అన్నాను. ఆవిడ కెప్టెన్ వైపు తిరిగింది. "ఇకనుంచి మ్యాచ్ అయ్యాక అందరూ ఇలా చెయ్యండి. అయ్యాక. మధ్యలో కాదు."

ఆ సీజన్ అయ్యేదాకా ఆడాను. తరవాత ఉద్యోగం మారి శాంటా క్లారా వెళ్ళిపోయాను, పెళ్ళి, పిల్లలు, మోకాళ్ళ నొప్పులు. మొన్న వేసవిలో ఒక స్నేహితురాలి గృహప్రవేశానికి హెర్న్‌డన్ వెళ్తే, ఆమె కూతురు అదే క్లబ్బులో ఆడుతోందని తెలిసింది. వెళ్ళాను. ఆంటీ ఇప్పుడు లేదు. జట్టు మాత్రం నిండుగా ఉంది, సగానికి సగం ఐరిష్ మొహాలు కావు. చివరి ఈల మోగింది. ఆ పిల్లలంతా వెళ్ళి, ఎవరిని తన్నారో వాళ్ళ కాలు ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. స్నేహితురాలి కూతురు చెమటలు తుడుచుకుంటూ వచ్చాక, పాత జబ్బు తిరగబెట్టి, అదేమిటమ్మా అని అడిగాను.

"ఓ, అదా ఆంటీ? అది మా క్లబ్ హిస్టరీ. ఫౌండర్ వాళ్ళ విలేజ్ నుంచి తెచ్చింది. ఏన్షియంట్ ఐరిష్ కస్టమ్. ఫన్నీ ఏంటంటే, మా అమ్మమ్మ కూడా బుక్‌కి ఫుట్ తగిలితే సేమ్ చేస్తుంది. తను గుంటూరులో కాన్వెంట్‌కి వెళ్ళింది కదా, ఐరిష్ నన్స్ నేర్పించారనుకుంటా."

"అలాగా! ఇంకా ఏమేం ఉన్నాయమ్మా మీ హిస్టరీలో?"

"చాలా ఉన్నాయ్ ఆంటీ. ఒక ప్లేయర్ ఉండేదంట, మ్యాచ్ మిడిల్‌లో గ్రౌండ్ మీద సిట్ డౌన్ చేసి, అసలు లేవలేదంట. క్లబ్ సేవ్ చేసింది తనేనంట. బట్ ఎందుకు కూర్చుందో ఎవరికీ తెలీదు. మేబీ టైర్డ్ అయిపోయిందేమో."

"అయ్యుంటుందమ్మా, పాపం" అన్నాను.