అద్దానికి ఇవతల

"ఈసారి కూడా పిల్లలు కుర్చీలు జరుపుకుంటే? మా బ్రిన్‌ని ఇక ఎవరూ ఆటకి రానివ్వకపోతే?"

మంచు మైదానం కనిపించే అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతున్న టెస్సా మాట విని డార్లీన్ కాఫీ కప్పు కింద పెట్టింది. "ముందు నువ్వు కూర్చో తల్లీ. నేల అరిగిపోతోంది."

డెబ్బై దాటిన డార్లీన్ కెనడాలోని ఆ సస్కచెవాన్ ఊళ్లో పిల్లలకు కర్లింగ్, అంటే మంచు మీద బరువైన రాళ్లు జార్చే ఆట, నేర్పుతుంది. అంతకుముందు ధాన్యం లారీలు తూచేది. ఎవరినీ మాట పూర్తి చేయనివ్వదని ఊరంతా ఆమెను ఆటపట్టిస్తుంది. "బళ్లో నన్ను గది బయట నిలబెట్టేవాళ్లు. అప్పట్లో దానికి పేరు లేదు" అని తనే నవ్వుతుంది.

ఇప్పుడు పేరుంది. ఎనిమిదేళ్ల బ్రిన్‌కి ఏడీహెచ్‌డీ. మాట నోట్లో ఆగదు, తన వంతు వచ్చేదాకా ఉండలేదు. ఈ ఆట ఆనవాయితీ ప్రకారం, ఆట అయ్యాక రెండు జట్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, గెలిచినవాళ్లు ఇప్పించే వేడి చాక్లెట్ తాగాలి. పోయిన వారం బ్రిన్ అందరి మాటకూ అడ్డం పడితే పక్కపిల్లలు కుర్చీలు దూరంగా లాక్కున్నారు. టెస్సా పాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తుంది, ఆధారం లేనిదే ఏదీ నమ్మదు. కానీ కూతురికి జీవితమంతా ఒంటరితనమేనని తేల్చుకోవడానికి ఆ కుర్చీలే చాలాయి ఆమెకు.

అద్దం అవతల మంచు మీద రాయి జారుతోంది. అది ఇంకా దూరం జారేలా దాని ముందు మంచును చీపురుతో రుద్దుతున్న బ్రిన్ ఉన్నట్టుండి చేతులెత్తి కేకలు పెట్టింది. ఇవతలికి ఏమీ వినపడదు. ఆట ఆగిపోయింది. టెస్సా అద్దం మీద దబదబా బాది, తలుపు వైపు పరుగెత్తబోయింది. డార్లీన్ ఆమె కోటు పట్టుకుంది.

"చీపురు చూపిస్తోంది చూడవే పిచ్చిదానా! అది రాయికి తగిలిందని చెబుతోంది, తగిలితే తప్పు. ఇక్కడ అంపైర్ ఉండడుగా, ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. పెద్దాళ్లు కూడా ఓ క్షణం నీళ్లు నములుతారు. దీనికి ఆ క్షణమే లేదు!"

ఆ రాయిని ఆటలోంచి తీసేశారు. బ్రిన్ జట్టు ఓడిపోయింది. ఇక అయిపోయిందనుకుంది టెస్సా.

అద్దానికి ఇవతలే ఉన్న బల్ల దగ్గర, గెలిచిన జట్టులోని హాడ్లీ తన పక్క కుర్చీ బ్రిన్ కోసం లాగింది. "రావే చీపురు రాణీ!"

బ్రిన్ కూర్చుంది. కూర్చోగానే హాడ్లీ మాటకు అడ్డం పడింది. టెస్సా లేవబోయింది. కోటు మళ్లీ డార్లీన్ చేతిలోనే ఉంది.

"ఆగవే, నన్ను చెప్పనీ!" అంది హాడ్లీ.

బ్రిన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. అందరూ నవ్వారు. ఒక్క కుర్చీ కూడా కదల్లేదు.

టెస్సాకి భయం పోలేదు. కానీ ఆ రోజు డార్లీన్ చెప్పినట్టే, ఇప్పుడు ప్రతి ఆటకీ చేతులు జేబుల్లో కుక్కుకుని కూర్చుంటుంది. డార్లీన్ అన్న మాటలివి:

"ఆటకి పంపేముందు దానికి ఒక్క విషయం చెప్పు. రెండోది వద్దు. తర్వాత బల్ల దగ్గరైనా సరే, మధ్యలో అద్దం ఉందనుకో. ఆగమని తోటిపిల్ల అంటే అది వింటుంది. ఆ పిల్ల అనాల్సిన మాట నువ్వు అనెయ్యకు."