టీ అమ్మే ఆవిడ, టీ తాగని మేము

మా సంఘంలో పదవి అడిగి తీసుకునేది కాదు. అడిగితే అసలివ్వరు. ఒక ఆదివారం మా బ్రాంచ్ అధ్యక్షుడు, నా తమ్ముడి వయసువాడు, నన్ను పక్క గదిలోకి పిలిచి, "సిస్టర్, మన స్త్రీల సమాజాన్ని మీరు నడిపించాలి" అన్నాడు. బళ్లో పేపర్లు దిద్దుకోవాలి, ఇంట్లో అత్తగారికి మోకాళ్ల నొప్పులు, అని మొదలుపెట్టబోయి "సరే" అనేశాను. పై ఆదివారం నా పేరు చదివారు, అందరూ చేతులెత్తారు, అయిపోయింది. జీతం లేదు, గడువూ లేదు. వద్దనుకున్న రోజున థాంక్స్ చెప్పి, మళ్లీ చేతులెత్తి దింపేస్తారు.

జనం మమ్మల్ని మోర్మన్లు అంటారు. జంషెడ్‌పూర్‌లోని మిగతా తెలుగు క్రైస్తవులకు మా గురించి తెలిసింది ఒక్కటే, వీళ్లు టీ తాగరని. టీ, కాఫీలు మాలో నిషేధం. పెళ్లికెళ్లినా పరామర్శకెళ్లినా "నీళ్లు చాలండి" అనగానే ఇంటివాళ్లు ముఖం మాడ్చుకుంటారు. మావారు సంఘంలో లేరు. బాప్తిస్మం తీసుకున్నాక నేను ఇంట్లో టీ పెట్టడం మానేశాను కాబట్టి, ఆయన షిఫ్టుకెళ్తూ పర్సుడీహ్ మార్కెట్ మొదట్లో ఒక తెలుగావిడ కొట్టు దగ్గర తాగేవారు. నా మీద చాడీలన్నీ అక్కడే చెప్పేవారట. అవి వినీ వినీ ఆవిడకు నన్ను చూడాలనిపించింది.

ఒకరోజు కూరగాయలకు వెళ్తుంటే ఆవిడే పిలిచింది. "టీ ముట్టని అమ్మ మీరేనా? మరి బదులుగా దేవుడు మీకేటిచ్చాడమ్మా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడుగుతోంది. నడిబజారులో ఏం చెప్పను? "ఆదివారం భాలుబాసా రా, చూద్దువుగాని" అన్నాను.

వచ్చింది. భాలుబాసాలో ఒక మేడ మీద అద్దె హాల్లో మా ఆరాధన. చివరి బెంచీలో కూర్చుంది. పలాస వైపు వాళ్లు, భర్త పోయాక కొట్టు తనే నడుపుకుంటోంది. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు. కొన్నాళ్లకు బాప్తిస్మం తీసుకుంటానంది. ఎవరూ చెప్పకముందే టీ తాగడం మానేసింది. "మొదట్లో తలకాయ పగిలిపోయిందనుకోండి సిస్టర్. రోజల్లా దాని పక్కనే కూకుంటాను కదా" అని నవ్వింది.

చిక్కు మా స్త్రీల కూటంలో వచ్చింది. నాకు సహాయకురాలిగా ఉన్న ఆవిడ రిటైరైన నర్సు, మాంగో అనే పేటలో ఉంటుంది, నియమమంటే నియమమే. "మనం తాగనిదాన్ని పదిమందికి అమ్మొచ్చా? ఇంటర్వ్యూలో ఇది అడిగితే ఏం చెప్తుంది?" అంది. మాలో బాప్తిస్మానికి ముందు ఒక మిషనరీ విడిగా కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలడుగుతాడు. అందులో ఆగిపోతే నీళ్ల దాకా వెళ్లడమే లేదు. టీ కొట్టావిడ ముఖం వాడిపోయింది. నాకేమో ఒక పని తోచిందంటే కాలు నిలవదు. అప్పటికప్పుడు తేల్చేశాను, టీ మానేసి చోడి జావ, అదే రాగి జావ, అమ్ముదాం, అందరం తలో చెయ్యి వేద్దాం అని.

"మీరు పెద్దోరు, మీరెలాగంటే అలాగే" అంది ఆవిడ.

తెల్లారి వంతులేసుకుని వెళ్లాం. ఒకరు జావ కాచారు, ఒకరు మజ్జిగ కలిపారు, నర్సమ్మ గ్లాసులు మరిగించి మరీ తుడిచింది. మొదటి బేరం ఒక వెల్డర్. గ్లాసులోకి చూసి, "దీదీ, బుఖార్ మే దేతే హై యే తో" అని దించేసి వెళ్లాడు. జ్వరపడ్డవాడికి పోసేదాన్ని నాకు పోస్తారేమిటని. మావారైతే ఇంటికొచ్చి, "మీ జావ తాగి ఫర్నేస్ దగ్గర నిలబడమంటావా? అక్కడే నిద్రపోతాను" అన్నారు. మర్నాటి నుంచి ఆయన కూడా ఎదుటి కొట్టుకే వెళ్లారు. ఆ కోపం నాకింకా ఉంది.

వారం తిరక్కుండా ఒక పొద్దున మేం వెళ్లేసరికి పొయ్యి మీద టీ మరుగుతోంది. జావ గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"తాగనని మాటిచ్చేను సిస్టర్. అమ్మనని ఇవ్వనేదు" అంది తలెత్తకుండా. "ఇది అమ్మకపోతే ఇంటికాడ నా పొయ్యి ఎలగదు. బాప్తీసం ఇవ్వకపోతే మానీండి. ఆదివారం మాత్రం వత్తాను, ఆ చివర బెంచీలోనే కూకుంటాను. అదయినా ఉండనిత్తారా?"

కడిగిన జావ గిన్నె తీసి నా సంచిలో పెట్టుకున్నాను. దారిలో నర్సమ్మతో అన్నాను, "అడగాల్సినవాళ్లు అడుగుతారు. మనం అడగొద్దు."

ఇంటర్వ్యూ రోజున టీ కొట్టావిడ లోపలికెళ్లింది. నేనూ నర్సమ్మా మేడ మెట్ల మీద కూర్చున్నాం. లోపల మాట బయటికి వినపడదు. నా పేరు చదివిన రోజు కూడా ఇంత భయం వెయ్యలేదు. పంపించేస్తే ఆవిడకు ఏ ముఖం పెట్టుకుని సర్దిచెప్పాలో తెలియలేదు. నర్సమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. ఎవరి పక్షాన చేస్తోందోనని నాకు అనుమానమే.

తలుపు తెరుచుకుంది.

"ఏమడిగారు?" అన్నాను లేచి.

"తాగుతావా అన్నారు. మానేసేనన్నాను. ఏం పని సేత్తావన్నారు. టీ అమ్ముతానన్నాను."

"అయితే?"

"అయితే ఏటీ నేదు. ఆదివారం కొట్టు కట్టేత్తావా అనడిగేరు. కట్టేత్తన్నాననే సెప్పేను. అయితే బాప్తీసానికి రమ్మన్నారు."

పర్సుడీహ్‌లో వారమంతా ఒక ఎత్తు, ఆదివారం మార్కెట్ ఒక ఎత్తు. ఆ రోజు కొనడం, అమ్మడం మాలో కూడదంటారు గానీ, ఇంట్లో సగం సరుకులు నేను కొనేది ఆదివారం సాయంత్రమే. అయినా ఆవిడ కొట్టు మూసి ఉంటోందని నాకు తట్టలేదు. "ఎప్పట్నుంచి కట్టేస్తున్నావు?" అన్నాను.

"అదేటి సిస్టర్, ఆదివారం రమ్మన్నది మీరే కదా. ఆనాటి నుంచే."

జావ గురించి అన్ని కూటాలు పెట్టుకున్నాం. ఈ సంగతి ఆవిడ ఎన్నడూ చెప్పలేదు, మాలో ఎవరికీ అడగాలని తోచలేదు. నేను మళ్లీ మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను. నర్సమ్మ తన చేతిరుమాలు నాకివ్వబోయి, తనే కళ్లొత్తుకుంది.

టీ కొట్టావిడ మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని, నా వీపు మీద చెయ్యేసింది.

"ఊరుకోండి సిస్టర్. ఇంకా నన్ను నీళ్లలో ముంచనేనేదు, అప్పుడే మీరు తడిసిపోతన్నారేటి?"