కాఫీలో తేలిన అత్తగారు

సెకన్లాయన ముప్ఫై ఒక్కేళ్ళు ఫొటో స్టూడియో చీకటిగదిలో పనిచేశాడు. పళ్ళు తోముకుంటూ కూడా లోలోపల సెకన్లు లెక్కపెట్టుకుంటాడని స్టూడియోవాళ్ళు పెట్టిన పేరది. కంప్యూటర్లు వచ్చాక యజమాని చీకటిగది గోడ పగలగొట్టించి కౌంటరు పెట్టించాడు. ఈయన చేతికి కత్తెర ఇచ్చి పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరించమన్నాడు. దానికీ పెద్దగా బాధపడలేదు. తోడల్లుడు కాఫీతో ఫొటోలు కడుగుతున్నాడని విన్నరోజు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఈ తోడల్లుడు, అంటే భార్య అక్కగారి మొగుడు, రిటైరైన బస్సు కండక్టరు. ఫొటోల పనిలో ఓనమాలు తెలియవు. స్టూడియోవాళ్ళు పాతసామాన్లవాడికి ఇచ్చేసిన ఎన్లార్జర్ని, అంటే నెగెటివ్‌లోని బొమ్మని కాగితంమీద పెద్దగా వేసే యంత్రాన్ని, కొనితెచ్చి స్నానాలగదిలో బిగించాడు. సెకన్లాయన పసిపిల్లని తుడిచినట్టు తుడిచి తుడిచి వాడుకున్న ఎన్లార్జరే అది. ఊళ్ళో బొమ్మ తేల్చే డెవలపర్ మందు దొరకదు కాబట్టి ఇన్‌స్టంట్ కాఫీపొడి, బట్టల సోడా, విటమిన్ సి మాత్రల పొడి నీళ్ళలో కలిపి ఫొటో కాగితం ముంచుతాడట. బొమ్మ లేత గోధుమరంగులో ముద్దుగా వస్తుందట. చుట్టాలంతా ఒకటే పొగడ్త.

"బావ చేతిలో ఏదో ఉందండీ," అంది భార్య.

"ఉంటుంది, కాఫీ చెంచా," అన్నాడు.

ఆమె నవ్వలేదు. పెట్టె అడుగునుంచి ఒక నెగెటివ్ తీసింది. వాళ్ళమ్మది. ఆవిడ పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఫొటో తీసింది ఈయనే. ఉన్న ఒక్క ప్రింటూ ఇల్లు కారినప్పుడు పాడైతే, మళ్ళీ కడిగిపెట్టమని భార్య ఎన్నోసార్లు అడిగింది. తీరికలేదనో, కాగితం లేదనో, మందు లేదనో దాటేస్తూ వచ్చాడు. ఇప్పుడామె నెగెటివ్‌ని రుమాల్లో చుట్టుకుని అక్క ఇంటికి బయల్దేరింది. ఈయనా చెప్పులేసుకుని వెంటపడ్డాడు, సాయానికి కాదు, తప్పులు పట్టడానికి.

"రా తమ్ముడూ, నువ్వుంటే నాకు ధైర్యం," అన్నాడు కండక్టరు. ఆ మాటకి ఇంకాస్త మండింది.

స్నానాలగది కిటికీకి దుప్పటి, తలుపు సందుల్లో తువ్వాళ్ళు, పైన ఎర్రబల్బు. ముగ్గురూ ఇరుక్కుని నిలబడ్డారు.

"మూడే కాగితాలున్నాయి. ఇవైపోతే మళ్ళీ దొరకవు," అన్నాడు కండక్టరు.

మొదటి కాగితం ఐదు నిమిషాలు నానినా తెల్లగానే ఉండిపోయింది. కాఫీ తగ్గిందేమోనని కండక్టరు మరో రెండు చెంచాలు వేశాడు. సెకన్లాయన ట్రేలో వేలు ముంచి చూశాడు. సోడా సరైనదైతే మందు వేళ్ళమధ్య సబ్బునీళ్ళలా జారాలి. ఇది జారలేదు. గూట్లో ఉన్న డబ్బామీద చదివాడు, వంటసోడా. బట్టల సోడా అయిపోయి, రెండూ సోడాలేగా అని కండక్టరు వంటింట్లోది తెచ్చేశాడన్నమాట. సెకన్లాయన ప్రాణానికి ఎన్నాళ్ళకో హాయిగా అనిపించింది. నోరు మెదపలేదు. రెండో కాగితం కూడా పోయింది.

"పోనీలే బావా. అమ్మకి రావాలని లేదేమో," అంది భార్య. నెగెటివ్ మళ్ళీ చుట్టుకోడానికి రుమాలు పరిచింది.

అది చూశాక హాయి కాస్తా చచ్చిపోయింది. "అన్నయ్యా, ఇది వంటసోడా. దీని బలం చాలదు," అన్నాడు. "పొయ్యిమీద బాణలి పెట్టించు."

బాణలిలో వంటసోడాని అరగంట వేయించాడు. గట్టిగా కాగితే అది బట్టల సోడాగా మారుతుంది. సరుకు రాని రోజుల్లో స్టూడియోలో పాత మేస్త్రీ నేర్పిన పని. చల్లారాక కొత్తగా మందు కలిపాడు. వేలు జారింది. చివరి కాగితం తానే ముంచి, ట్రే ఊపుతూ లెక్క మొదలుపెట్టాడు. తొంభైకి కనుబొమలు వచ్చాయి. నూట యాభైకి కళ్ళజోడు. రెండొందలు దాటాక పగలబడి నవ్వుతూ అత్తగారు.

ఆవిడ చూపు కెమెరామీద లేదు, జానెడు పక్కకి ఉంది. ఫొటో తీసిన రోజు "నవ్వండత్తయ్యా" అని ఈయన ఎంత బతిమాలినా ఆవిడ బిగుసుకునే కూర్చుంది. వెనకనుంచి పెద్దల్లుడు "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని బస్సులో అరిచినట్టు అరిచాడు. ఆవిడ నవ్వింది, ఈయన నొక్కాడు. ఇన్నేళ్ళూ ఈ ఫొటో మళ్ళీ కడక్కపోవడానికి అసలు కారణం అదే.

సెకన్లాయన కాగితాన్ని, బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపోలోకి మార్చాడు.

"అమ్మ ఎవర్ని చూసి అంతలా నవ్వుతోంది?" అడిగింది భార్య కళ్ళు తుడుచుకుంటూ.

కండక్టరు ట్రేలోకి చూశాడు, తర్వాత సెకన్లాయన మొహంలోకి చూశాడు. కండక్టరుకి అంతా గుర్తుంది.

"ఇంకెవర్ని? తీసినవాణ్ణి," అన్నాడు. "కాగితాలు తగలేసింది నేను, మీ అమ్మని తెచ్చింది మీ ఆయన."

భార్య సెకన్లాయన తడిచేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆయన కోరుకున్నదంతా అదే. రెండో కాగితం ఎలా పోయిందో ఆమెకి తెలియదు. మంచితనంలో కూడా ఆ కండక్టరుదే పైచేయి అయిందే అని, ఆ చెయ్యి ఆమె చేతుల్లో ఉండగానే ఆయన కడుపు భగ్గుమంది.