మామగారి వెనక కొండ దారి

మా మామగారు పోయారని నాకు కొట్లో తెలిసింది. మంగళగిరి నుంచి చీరల మూటలు తెచ్చే మనిషి మూట దించి, చెమట తుడుచుకుంటూ, "అదేవిటండీ, మీ మామగారు మొన్న పోయారు గదా! మీకు కబురందలేదా?" అన్నాడు. నేను గజంబద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎవరినీ తప్పు పట్టను. మీరే చెప్పండి, భార్య పోయి, పిల్లాజెల్లా లేని అల్లుడికి కబురు పెట్టాలని ఎవరికి తడుతుంది? తప్పు పట్టనన్నాను గాని, కడుపు మాత్రం మండిపోయింది.

ఆయన మంగళగిరిలో మగ్గం నేసే మనిషి. మా ఆవిడ ఆయనకు ఒక్కతే కూతురు. ఆవిడ జ్వరంతో పోయాక, కొద్ది రోజులకే బెజవాడ వచ్చి మా గుమ్మంలో నిలబడి, "ఆదివారం రండి అల్లుడుగారూ, కొండెక్కుదాం" అన్నారు. దుఃఖంతో మతి చలించిందేమో అనుకున్నాను. పైగా నేను పామర్రు పక్క పుట్టినవాణ్ణి, పొలం గట్టు కంటే ఎత్తయినది ఎక్కి ఎరగను. అయినా వెళ్ళాను. ఇంట్లో కూర్చోలేక వెళ్ళాను.

అప్పట్నించి ప్రతి ఆదివారం, మెట్ల దారి మొక్కులవాళ్ళకు వదిలేసి, కొండ వెనక రాళ్ళ దారిన తీసుకెళ్ళేవారు. చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన ముందు, కాళ్ళు బొబ్బలెక్కి సణుక్కుంటూ నేను వెనక. మాటలుండేవి కావు. ఉన్నట్టుండి, తిరిగి చూడకుండానే అడిగేవారు.

"అల్లుడుగారూ, ఎక్కడున్నారండీ?"

"మీ వెనకాలేనండి."

"కాళ్ళొచ్చాయి లెండి. మనిషి కొట్లోనే ఉండిపోయినట్టున్నాడు."

నిజమే. రేషను కార్డు మీదిచ్చే కంట్రోలు గుడ్డ కోసం ముందురోజు కొట్టు మీదికొచ్చినవాళ్ళతో నేనింకా మనసులో పోట్లాడుతూనే ఉండేవాణ్ణి. ఒకసారి ఒళ్ళు మండి, "అయితే ధ్యానం చెయ్యమంటారా ఏం?" అన్నాను.

"అమ్మో, ధ్యానం మునులకండీ," అని నవ్వారాయన. "మనం పరధ్యానం మానుకుంటే చాలు. మగ్గం మీద కూర్చుని మనసు వీధిలో పెడితే పోగు తెగుద్ది. ఇక్కడైతే కాలు బెణుకుద్ది. అంతే తేడా."

కాలి కింద రాయి చల్లగా ఉందో వేడెక్కిందో చూసుకోమనేవారు. ఆయాసమొస్తే ఆగి, ఎక్కడో పికిలిపిట్ట కూస్తుంటే అది కూయడం మానేదాకా కదిలేవారు కాదు. పైకెళ్ళి అటుకులు, బెల్లం తినేటప్పుడు నేను కింద పోయే రైలును చూస్తూ నములుతుంటే, "అటు చూస్తే బెల్లం చిన్నబుచ్చుకుంటుందండీ" అనేవారు. రానురాను నాకూ పట్టుబడింది. ఎక్కినంతసేపూ గుండె మీది బరువు కాస్త పక్కకు జరిగేది. తిరుగు రైలెక్కాక మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఆవిడ మాట మాత్రం ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరం అక్కడే కూలబడిపోతామని నా భయం. కాని ఆయన నన్ను "అల్లుడుగారూ" అని పిలిచినంతకాలం, నాకు పెళ్ళయిందనీ, ఆవిడ ఉండేదనీ ఈ లోకంలో ఇంకొకరికి కూడా జ్ఞాపకం ఉందనిపించేది. ఇక ఆ పిలుపు లేదు. ఆదివారం తెల్లవారితే ఎటు వెళ్ళాలో తోచడం లేదు.

మేం ఆఖరిసారి ఎక్కింది వానలు వెలిశాక. రాళ్ళన్నీ పాచిపట్టి ఉన్నాయి. నిలువుగా ఉన్న ఒక బండను ముందు ఆయన ఎక్కారు. ఎక్కి, అటే చూస్తూ, చెయ్యి వెనక్కి, కిందికి చాచారు. అంతకుముందు ఎన్నడూ నాకు చెయ్యి ఇచ్చిన మనిషి కాదు.

"రా తల్లీ, మెల్లిగా. జారుద్ది," అన్నారు.

చిన్నప్పుడు నాన్నతో కొండెక్కేదాన్నని మా ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది.

నా చెయ్యి అందించాను. పోగులు పట్టి పట్టి నున్నబడిన వేళ్ళు గట్టిగా పట్టుకుని నన్ను పైకి లాగాయి. బండ దాటాక కూడా వదల్లేదు. ఒక్కసారైనా తిరిగి చూడకుండా, పైదాకా ఆ చెయ్యి అలాగే పట్టుకుని నడిచారు.