గిల్టు తాడుకు బంగారు పుస్తెలు

పెళ్లిలో నా మెడలో పడ్డ పుస్తెలతాడు ఐదు తులాలు. చేయించింది మా అత్తగారు. వాళ్లది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. ఎల్‌బీ నగర్‌కు వచ్చి చీరల దుకాణం పెట్టుకుని పాతికేళ్లు దాటినా, కోడలి మెడలో సన్న తాడు కనిపిస్తే ఊళ్లో తలెత్తుకోలేమని ఆవిడ నమ్మకం. ఐదు తులాలంటే వినేవాళ్లకు గొప్పగానే ఉంటుంది. మోసేవాళ్లను అడగాలి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. బోర్డు కింది భాగంలో రాయడానికి వంగినప్పుడల్లా తాడు వెళ్లి డస్టర్‌ను కొట్టేది. వెనక బెంచీ వాళ్లు నా సమీకరణాలు వదిలేసి దాని ఊపు చూసేవాళ్లు.

అలా ఒక ఏడాది మోశాను. ఆ తర్వాత అల్మాస్‌గూడలో మా ఆడపడుచు ఉండే వీధిలో ఒకావిడ పొద్దున్నే ముగ్గు వేస్తుంటే బైకు మీద వచ్చినవాళ్లు తాడు తెంపుకుపోయారు. ఆ వార్త వచ్చిన వారంలోనే మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్ల మెడలన్నీ పార్టీ మార్చేశాయి. బంగారం లాకరెక్కింది, గిల్టు మెడకెక్కింది. దీన్ని ఇప్పుడు గిల్టు అనకూడదట, వన్ గ్రామ్ గోల్డ్ అనాలట. ఆ ఒక్క గ్రామూ ఎక్కడుందో ఇంతవరకు ఎవరికీ కనిపించలేదు. దేవుడిలాగే నమ్మకం మీద నడుస్తుంది.

నేనూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వన్ గ్రామ్ దుకాణానికి వెళ్లాను. లాకర్లో పెట్టబోయే తాడు ఫోటో చూపిస్తే, దుకాణం అతను అచ్చంగా దాని కవల తమ్ముడిని తీసి గాజు బల్ల మీద పెట్టాడు.

"సేమ్ టు సేమ్, మేడం. మీ అత్తగారు కూడా పట్టలేరు."

"మా అత్తగారు చీకట్లో నూలు పోగు తడిమి అది ఎన్నో నంబరు నూలో చెబుతారండీ," అన్నాను.

"అయితే దూరంగా ఉండండి," అన్నాడు.

తాడుతో పాటు ఒక గ్యారంటీ కార్డు ఇచ్చాడు. చెమట తగలరాదు. నీళ్లు తగలరాదు. సెంటు తగలరాదు. స్నానానికి ముందు తీసి దూదిలో చుట్టి పెట్టవలెను. ఇన్ని నియమాలు నన్ను పెళ్లి చేసుకున్న మనిషి విషయంలో కూడా ఎవరూ పెట్టలేదు.

ఇంట్లో చెప్పకుండా చేయాలనుకున్న పని కాదు. చెప్పే చేశాను. లొల్లి కూడా అంతే బాహాటంగా జరిగింది.

"బ్యాంకుల పెట్టనీకి బంగారం ఎందుకు? గా పాసుబుక్కే మెడల ఏస్కోరాదు," అంది మా అత్తగారు.

"అత్తయ్యా, మెట్రో దిగి పది నిమిషాలు నడవాలి. ఎవడైనా లాగితే తాడుతో పాటు మెడ కూడా పోతుంది."

"గట్ల అనుకుంటే ఇంట్ల కూసో."

"ఇంట్లో కూర్చుంటే జీతం రాదు."

మా ఆయన పేపర్ వెనక నుంచి, "ఇద్దరూ చెప్పేది కరెక్టే," అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఇచ్చిన తీర్పులన్నీ ఇలాంటివే.

ఆ లొల్లి విడతలు విడతలుగా రెండేళ్లు నడిచింది. నేను కొన్న తాడు రెండేళ్లూ బీరువాలో దూదిలో భద్రంగా పడుకుంది, మెడలో ఐదు తులాలే ఊగాయి. చివరికి ఒక రోజు ఆవిడే దిగొచ్చింది, అదీ ఒక షరతు మీద. "తాడు ఏదన్న కట్టుకో. పుస్తెలు మాత్రం మార్వకు. పుస్తెలు గిల్టువి కట్టుకుంటే నీతోని మాట్లాడ." ఇది ఆవిడ ఒక్కదాని షరతు కాదు. మా అపార్ట్‌మెంట్లో గిల్టు తాడు వేసుకున్న ప్రతి ఆడమనిషీ చేసేది ఇదే. తాడు దొంగది, పుస్తెలు నిజమైనవి. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు, కానీ అందరికీ తెలుసు.

నా రెండు పుస్తెల గురించి చెప్పాలి. పుస్తెలు రెండు ఉంటాయి కదా, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. నావి రెండూ జత కుదరలేదు. అత్తింటిది పెద్దది, నున్నగా ఉంటుంది. పుట్టింటిది చిన్నది, అంచు చుట్టూ చుక్కలు. మా వాళ్లది కృష్ణా జిల్లా. మా నాన్న ఉద్యోగం కోసం వచ్చి సరూర్‌నగర్‌లో స్థిరపడ్డారు. ఆయనకు దుకాణాల మీద నమ్మకం లేదు. కంసాలి మీద అంతకంటే లేదు. అందుకని ఒక రోజు సెలవు పెట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని, కంసాలి కొలిమి వెలిగించినప్పటి నుంచి ఆర్పేదాకా ఎదురుగా కూర్చున్నారు. "ఏమండీ, నామీద నమ్మకం లేదా?" అని కంసాలి అడిగితే, "లేదండీ, మీరు కానివ్వండి," అన్నారట. అంచున చుక్కలు వంకరగా వచ్చాయని ఒకసారి చెరిపించి మళ్లీ వేయించారు. ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టి, "పదహారు, లెక్కపెట్టుకో," అన్నారు. నేను నవ్వాను. చొక్కా గుండీలా ఉందన్నాను. ఆయన కూడా నవ్వారు, కానీ లెక్కపెట్టేదాకా కదల్లేదు.

ఆ గుండీని నేను తెగ కొరికేదాన్ని. పేపర్లు దిద్దుతున్నా, సిగ్నల్ దగ్గర నిలబడ్డా, ఏదైనా ఆలోచనలో పడితే పుస్తెలు రెండూ నోట్లోకి వెళ్లిపోయేవి. మా అత్తగారు చూసినప్పుడల్లా, "ఇంట్ల తిండి పెడ్తలేమా?" అనేది.

ఇక తాడు సంగతి. గ్యారంటీ కార్డేమో స్నానానికి ముందు తీయమంటుంది. ఆచారమేమో పుస్తెలతాడు మెడలోంచి తీయకూడదంటుంది. కార్డు రాసినవాడికి మా ఆచారం తెలియదు, మా ఆచారానికి కార్డు సంగతి తెలియదు. నేను రెండింటి మధ్యా ఆలోచించకుండా రోజూ దానితోనే స్నానం చేశాను. ఇన్ని లెక్కలు చెప్పేదాన్ని, ఈ చిన్న లెక్క వేసుకోలేదు. పది నెలలకు మెడ వెనక కొక్కేన్ని తుప్పు లోపల్లోపల తినేసింది. పైకి మాత్రం ధగధగలాడుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చున్నీ తీస్తుంటే తాడు చున్నీకి పట్టుకుని చేతిలోకి వచ్చింది. ఒక కొస తెరుచుకుని ఉంది. పుస్తెలు లేవు.

ఒక నిమిషం నాకు నవ్వొచ్చింది, నిజంగానే. ఎప్పుడంటే అప్పుడు ఇంకోటి కొనుక్కోగల గిల్టు తాడు విశ్వాసంగా నన్ను అంటిపెట్టుకుని ఇంటిదాకా వచ్చింది. ఐదు తులాలు లాకర్లో ఏసీలో హాయిగా ఉన్నాయి. నేను ఇంత తెలివిగా జాగ్రత్త పడి, మళ్లీ దొరకనివి ఏ రెండున్నాయో వాటినే తీసుకెళ్లి తుప్పు కొక్కేనికి తగిలించాను. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. నాన్నకు ఎలా చెప్పాలి? బంగారం పోతే ఆయన ఏమీ అనరు. ఆయన సంగతి నాకు తెలుసు, "పోతే పోయిందిలే అమ్మా," అంటారు. అనేసి ఫోన్ పెట్టేశాక కుర్చీలో అలా కూర్చుండిపోతారు. అదే నాకు భయం.

మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి చూసింది. ముందు తాడు చూసింది, తర్వాత నా మెడ చూసింది. తిట్టడానికి ఒక పావుగంట పట్టింది. గిల్టును తిట్టింది, మెట్రోను తిట్టింది, కోచింగ్ సెంటర్‌ను తిట్టింది, తీర్పు చెప్పబోయిన కొడుకును తిట్టింది. తిడుతూనే పసుపు తాడు తీసి, దానికి పసుపు కొమ్ము కట్టి, నా మెడలో వేసి ముడులు బిగించింది. బోసి మెడతో ఉండకూడదు కదా. అది కూడా అయ్యాక అడిగింది.

"ఆఖరుకు ఎప్పుడు కొరికినవ్?"

ఇంతకంటే తెలివైన ప్రశ్న ఏ పోలీసూ అడగలేడు. ఆలోచించాను. సెంటర్ బయట జామకాయల బండి దగ్గర బేరమాడుతూ కొరికాను, బాగా గుర్తు. మెట్రో ఎక్కాక చున్నీ కప్పుకున్నాను, కొరకలేదు. అంటే బండికీ, మెట్రో మెట్లకూ మధ్య.

"రేపు పొద్దుగాల పోదాం. ఊడ్చేటోళ్లు కుప్పలు ఎత్తకముందే పోవాలె. మీ నాయినకు అప్పుడే జెప్పకు," అంది.

పొద్దున లేచేసరికి ఆవిడ తయారు. చంకలో చేట. బియ్యం చెరిగే వెదురు చేట. అది పట్టుకుని ఎల్‌బీ నగర్ స్టేషన్లో సెక్యూరిటీ దగ్గర నిలబడింది. ఆ అమ్మాయి చేటను అటు తిప్పి ఇటు తిప్పి, మెషిన్లో వేయాలా వద్దా అని పైఅధికారి వైపు చూసింది. "బాంబు గాదు బిడ్డా, చేట. మీ అమ్మనడుగు చెప్తది," అంది మా అత్తగారు. నేను ఆవిడ ఎవరో తెలియనట్టు పక్క లైన్లో నిలబడ్డాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పటికే ఊడ్చేశారు. ఫుట్‌పాత్ పొడవునా మెట్రో స్తంభాల పక్కన చిన్న చిన్న కుప్పలు. ఊడ్చే ఆవిడతో మా అత్తగారు ఏదో మాట్లాడింది. ఇద్దరూ మెడ మీద చెయ్యి పెట్టుకుని నిట్టూర్చారు. చెత్త బండి వచ్చేలోగా చూసుకోమని ఆవిడ కుప్పలు వదిలేసి వెళ్లింది. అంతే, మా అత్తగారు చీర చెంగు బొడ్లో దోపుకుని ఫుట్‌పాత్ మీద చతికిలబడింది. చేటలోకి దిల్‌సుఖ్‌నగర్‌ను ఎత్తి చెరగడం మొదలుపెట్టింది.

మట్టి వెనక్కి, తేలికవి ముందుకు. పిన్నీసులు, బొట్టుబిళ్లలు, గుండీలు, తెగిన పూసలు, కొరికి పారేసిన జామ ముక్కలు, ఎవడిదో పాస్‌పోర్ట్ సైజు ఫోటో. నేను పక్కన కూర్చుని ఆవిడ చెరిగినది వేలితో కెలికి చూస్తున్నాను. వచ్చేపోయేవాళ్లు ఆగి, "ఏం పోయిందమ్మా?" అని అడుగుతున్నారు. బంగారమంటే ఊరంతా దిగిపోతుందని ఆవిడకు తెలుసు.

"దవాఖాన చీటి పోయింది."

"ఇంకోటి రాపించుకోరాదమ్మా?"

"ఆ డాక్టరు సచ్చిపోయిండు," అంది, చేట ఆపకుండా.

మూడో కుప్పలో దొరికింది. మట్టిలో పసుపు పచ్చగా ఒక చిన్న బిళ్ల, ఒక పక్క చెప్పు కింద పడి వంగింది. ఆవిడ చెంగుతో తుడిచి వెలుతురుకు పెట్టి చూసింది. నున్నగా ఉంది. చుక్కలు లేవు.

"గిది మాదే," అంది. చెంగు కొసకు ముడేసుకుని మళ్లీ చేట అందుకుంది.

ఎండ ఎక్కుతోంది. మా సెంటర్ పిల్లలు అప్పుడప్పుడే బస్సులు దిగుతున్నారు. లెక్కల మేడం చెత్తకుప్ప పక్కన కూర్చుని ఉండడం వాళ్లలో ఇద్దరు చూశారు, నమస్తే కూడా పెట్టారు.

"ఒకటి దొరికింది కదా అత్తయ్యా, చాలు. లేవండి. మోకాళ్లు పట్టేస్తాయి."

"మాది దొర్కిందని లేస్తే ఎట్ల?" అంది, తల ఎత్తకుండానే. "ఆ కుప్ప ఇటు గుంజు."

గుంజాను. అప్పుడు సిగ్గేసింది, ఇప్పుడు రాస్తున్నా సిగ్గేస్తోంది. రాత్రంతా నేను ఏడ్చింది మా నాన్న చేయించిన దానికోసమే. ఆవిడ చేయించిన దానికోసం నా కంట్లోంచి ఒక్క చుక్క రాలలేదు. ఆ సంగతి ఆవిడకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది.

బండి వచ్చేదాకా వెతికాం. అన్ని కుప్పలూ చెరిగాం, కాలువ జాలీ దాకా చూశాం. రెండోది దొరకలేదు. బండి కుప్పలన్నీ ఎత్తుకుని వెళ్లిపోయింది. నాకు నాన్న కుర్చీ కళ్ల ముందు కనిపించింది. ఫోన్ తీశాను గానీ నంబరు నొక్కడానికి చెయ్యి రాలేదు. మా అత్తగారు చేట గోడకు ఆనించి, నాన్నకు కలిపి ఫోన్ తనకిమ్మంది. స్పీకర్లో పెట్టి ఇచ్చాను.

"అన్నా, నేను. మీ పుస్తె పోయిందే. మస్తు దేవులాడినం, దొర్కలే. పిల్లనేమనకుండ్రి. అది బంగారు తాడే కట్టుకుంట అన్నది, నేనే ఇనలే. దొంగల భయమున్నది, గిల్టుది కట్టుకో అని నేనే పరేషాన్ జేసిన. తప్పు నాది."

అటువైపు నుంచి నాన్న గొంతు వచ్చింది. "మీ తప్పేముందమ్మా. దాని బాగు కోరేగా చెప్పారు. ఏడవొద్దని చెప్పండి దానికి."

"చెప్త," అని ఫోన్ నా చేతిలో పెట్టింది. రెండేళ్లు నాతో పోట్లాడిన మనిషి నా ముఖం కూడా చూడకుండా చేట దులిపి చంకలో పెట్టుకుంది. మెట్రో మెట్ల వైపు నడుస్తూ, జీతం కోత పడకముందే క్లాసుకు పొమ్మంది.