మారెక్క అడ్డం వేసిన తంగేడు కొమ్మ

మా మారెక్క వెనక కొండ ఎక్కడమంత తిక్క పని ఇంకొకటి లేదు. తిరిగి చూడదు, ఆగదు, అడిగినదానికి జవాబు చెప్పదు. నాకు పెద్దమ్మ కూతురు కాబట్టి తిట్టే హక్కు నాకుంది, తిడతాను. అయితే ఎలుగుబండ కొండ మీద ఆమె కాలు పెట్టని చోటు లేదన్న సంగతి కూడా నేనే చెప్పాలి.

కదిరి బస్టాండు ఎదురుగా నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. బెంగళూరు నుంచి వీపున సంచులు, కాళ్లకు బూట్లు తగిలించుకుని కొండలెక్కడానికి జనం రావడం మొదలైన రోజులవి. తిన్నది అరక్క వస్తున్నారని మేము నవ్వుకునేవాళ్లం. దారి చూపే మనిషి కావాలని వాళ్లు నాకు ఫోన్ చేసేవాళ్లు, నేను మారెక్కకు కబురు పెట్టేవాణ్ని. చిన్నప్పటి నుంచీ మేకల వెంట ఆ కొండంతా తిరిగిన మనిషి ఆమె. పెళ్లయ్యాక మొగుడు సోమప్పతో కలిసి అక్కడే మేపింది. ఒక ఏడు దోన దగ్గర ఎలుగు సోమప్ప మీద పడి ముఖం చీల్చేసింది. దోన అంటే బండ మీద వాననీళ్లు నిలిచే గుంత. ఎండలు ముదిరితే కొండలో ఉన్న జీవాలన్నిటికీ అదే దిక్కు. ఆ రోజుతో సోమప్పకు ఒక కన్ను పోయింది, మారెక్కకు కంటి మీద కునుకు పోయింది.

అందుకే ఆమెతో వచ్చేవాళ్లు ఆమె చెప్పినట్టు నడవాల్సిందే. మలుపు తిరిగేముందు చప్పట్లు కొట్టాలి. మనుషులు వస్తున్నారని దూరం నుంచే తెలిస్తే ఎలుగు తన దారిన తాను పోతుంది. ఇక దారి చీలిన చోట, తాను పోని దారికి అడ్డంగా పచ్చి తంగేడు కొమ్మ విరిచి పడేస్తుంది. వెనక వచ్చేవాళ్లు కొమ్మ ఉన్న దారి వదిలి రెండోది పట్టుకోవాలి. తంగేడే ఎందుకంటే మేకలు దానికి మూతి కూడా పెట్టవు. మా వైపు కాపర్లందరూ చేసే పనే అది.

కోడలు మల్లీశ్వరి ఇంటికి వచ్చాక మారెక్కకు ఒక పట్టుదల పుట్టింది. తన మోకాళ్లు వాస్తున్నాయి, కొండ పని కోడలు నేర్చుకోవాలి. ఆ పిల్ల చూస్తే రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టుకుంటూ పెరిగింది. గుట్ట ఎక్కి ఎరగదు. మొగుడు లక్ష్మీపతి లారీల మీద తిరుగుతూ ఎప్పుడో గాని ఇంటికి రాడు.

"అత్తా, నేను మళ్లా కుట్టుపనికే పోతా. నాకు కొండంటే గుండె దడ" అని పాపం ఎన్నోసార్లు బతిమాలింది.

"దడా లేదు, గిడా లేదు. రెండు దినాలు ఎక్కితే అదే వస్తాది" అని మారెక్క కొట్టిపారేసేది. మొండిఘటం!

రెండువేల మూడులో, శివరాత్రి వెళ్లిన వారం, ఒక గుంపు దిగింది. అప్పటికి వరసగా వానలు లేవు. చేలల్లో వేరుశనగ పోయింది, బోర్లు పోయాయి, కొండ మీద గడ్డి కూడా పోయింది. ఆ గుంపులో వాళ్లు బలవంతం చేస్తే నేనూ బయల్దేరాను. ఏ గ్రహం పట్టిందో ఏమో! వెనక నడిస్తే ఎలుగు ముందు నన్నే పట్టుకుంటుందని భయపడి, రొప్పుకుంటూ మారెక్క పక్కనే నడిచాను.

సగం కొండకు పోయేసరికి హేమ అనే టీచరమ్మకు మడమ మడతపడింది. మారెక్క మాతో వస్తున్న కోడలిని పిలిచింది.

"మల్లీ, నువ్వు ఈయమ్మతో నిదానంగా రా. కొమ్మ చూసుకుంటా రా. కొమ్మ యాడా కనపడకపోతే నేరుగా వచ్చేయ్."

మల్లీశ్వరి తల ఊపింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేనైనా ఒక మాట అడ్డం చెప్పి ఉండాల్సింది, కానీ నాకు నా ఆయాసమే సరిపోయింది.

పైన గుండు అనే పెద్ద బండరాయి నీడకు చేరి అందరూ నీళ్లు తాగారు. నవ్వుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. మారెక్క మాత్రం కూర్చోలేదు. నీడ జరిగిపోయినా ఆ ఇద్దరూ రాలేదు.

"వస్తారులే అక్కా, కాలు నొప్పి మనిషి కదా" అన్నాను.

ఆమె కొంగు నడుముకు బిగించి, ఎవరూ అక్కడి నుంచి కదలొద్దని గుంపుకు గట్టిగా చెప్పి, "దిగరా అబ్బీ" అంది. ఎందుకొచ్చిన ఖర్మరా దేవుడా అనుకుంటూ దిగాను.

దారి చీలిన చోటికి వచ్చాం. మా దారి సన్నది, గుండు చాటుగా పైకి తిరుగుతుంది. రెండోది జీవాలు తొక్కి తొక్కి వెడల్పయింది, నేరుగా పోతుంది. కొమ్మ ఉంటేనే కొత్తవాళ్లకు అక్కడ చీలిక ఉందని తెలుస్తుంది. ఎక్కేటప్పుడు మారెక్క అడ్డం వేసిన కొమ్మ లేదు. తొక్క గీరుకుపోయిన పుల్ల ఒకటి పడి ఉంది. దాని చుట్టూ మేకపెంటికలు, ఇంకా తడి ఆరలేదు.

మారెక్క గొంతుక్కూర్చుని ఆ పుల్ల చేతిలోకి తీసుకుంది.

"తినేసినాయి రా" అంది.

"మేకలు తంగేడు తినవు కదక్కా?"

"ఇంకేముండాది తినేదానికి? ఏమీ లేకపోతే ఏం చేస్తాయి?" ఆమె పెంటికలను వేలితో కదిలించి చూసింది. "మన మేకలే రా. కింద మేత లేదు, ఈ పక్కకి తోలుకు పొమ్మని పొద్దున్నే మీ బావకి నేనే చెప్పినా."

అని అరచేత్తో నుదురు కొట్టుకుంది. ఆ నేరు దారి ఎక్కడికి పోతుందో నాకూ తెలుసు. దోన దగ్గరికి.

అంత గబగబా ఆమె నడవగా నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్ల నొప్పి ఏమైందో! మలుపు దగ్గర చప్పట్లు కొట్టబోతే నా చేతులు పట్టేసుకుంది.

"ఇప్పుడొద్దు. నీళ్లకాడ ఎలుగుంటే బెదురుతాది. బెదిరితే దగ్గరున్నోళ్ల మీద పడతాది. దగ్గరుండేది ఎవరు రా?"

ఒక్కొక్క అడుగూ ఏరుకుని వేసుకుంటూ మలుపు తిరిగాం.

దోనలో నీళ్లు అడుగంటి ఉన్నాయి. ఎలుగు తల వంచి తాగుతోంది. దాని వీపు మీద పిల్ల. ఆ పైన, మనిషి ఎత్తులో, బండ అంచుకు అతుక్కుని ఉన్నారు ఇద్దరూ. హేమ నోటికి మల్లీశ్వరి చెయ్యి అడ్డం పెట్టి ఉంది. మల్లీశ్వరి అత్తను చూసింది. చూడగానే ఏడుపు ముంచుకొచ్చిందేమో, మా వైపు దూకడానికి కాలు కిందికి దించింది. ఒక గులకరాయి దొర్లింది. ఎలుగు తాగడం ఆపింది.

మారెక్క అరవలేదు. చెయ్యి ఊపలేదు. రెండు చేతులూ జోడించి కోడలికి దండం పెట్టింది. కదలొద్దు తల్లీ అన్నట్టు అలాగే నిలబడింది. పుట్టి బుద్ధెరిగి ఆమె ఎవరికీ తల వంచగా నేను చూడలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గెందుకు.

మల్లీశ్వరి కాలు మెల్లగా పైకి తీసుకుంది. ఎలుగు ముక్కెత్తి గాలి పీల్చింది, అటు చూసింది, ఇటు చూసింది. మళ్లీ తల వంచి తాగింది. తాగుతూనే ఉంది! తాగి తాగి, పిల్లతో సహా ఎదురు పొదల్లోకి ఎక్కిపోయింది. ఆకుల చప్పుడు అణిగేదాకా మాలో ఎవరమూ కదల్లేదు.

కిందికి దిగిన కోడలిని మారెక్క రెండు చేతులా పట్టుకుని ముఖమంతా తడిమింది.

"కండ్లు బాగుండాయా? నా పక్క చూడు మే. బాగుండాయా?"

"కొమ్మ కనపడలేదత్తా" అని ఆ పిల్ల వెక్కింది. "కనపడకపోతే నేరుగా రమ్మన్నావు కదా. నేరుగా వచ్చినా."

మారెక్క కొంగుతో ఆ పిల్ల కళ్లు తుడిచింది. హేమ కాలికి తన కొంగు చింపి కట్టింది. నన్ను పైనున్నవాళ్ల కోసం తరిమింది. దిగేటప్పుడు కోడలిని ముందు నడిపించింది.

ఆ వారంలోనే కోడలి బట్టలు తానే సంచిలో సర్ది కదిరికి తీసుకొచ్చింది. లక్ష్మీపతికి నా బూత్ నుంచే కబురు చెప్పించింది, కాపురం రాయదుర్గంలో పెట్టుకోమని. బస్సులో కూర్చున్న మల్లీశ్వరి కిటికీలోంచి అత్త చెయ్యి వదలలేదు.

"నేనుంటానత్తా. కొండ నేర్చుకుంటా. ఒక్కదానివే ఎట్లెక్కుతావు ఆ మోకాళ్లతో?"

"ఎక్కుతాలే" అంది మారెక్క. "నువ్వు ఎనకాలుంటే నాకు ముందరికి అడుగు పడదు మే. పో."